యౌవనకాలపు వాద్యధ్వని వ్యర్థమా?



మనుష్యుడు యౌవనమందు చేసిన పనులలో కొన్ని ఫలించును, కొన్ని ఫలింపకపోవును. చదివిన చదువు ఉద్యోగమాయెను, దున్నిన చేను పంటనిచ్చెను అని చెప్పుకొనుట సులభము. అయితే ధనము గాని పేరు గాని తేక, రెండు మూడేండ్లు ఉల్లాసముగా సాగి, పిమ్మట ఆగిపోయిన పనిని గూర్చి ఏమి చెప్పవలెను? అది పారవేసిన కాలమా? ముసలితనమున దానిని తలంచుకొని సంతోషించువాడు అవివేకియా? ఈ నెల ఈ ప్రశ్నను మీ యెదుట పెట్టగోరుచున్నాము. ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, మన పిల్లల యెడల మనము నడుచుకొను విధము చాల మట్టుకు దీనికి మనమిచ్చు జవాబును బట్టియే యుండును.

ఇందుకు మన యూరి సంగతి కాక దూరదేశపు సంగతి నొకదానిని తీసికొనెదము. సొంత ఊరి సంగతి వ్రాసిన యెడల, ఇది ఎవరి కుమారుని గూర్చి వ్రాసిరో యని అందరును వెదకుదురు. దూరపు సంగతియైతే నెమ్మదిగా ఆలోచింపవచ్చును.

1964వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీ ఆదివారము రాత్రి, ఇంగ్లండు నుండి వచ్చిన బీటిల్స్ అను నలుగురు యువకులు అమెరికాలో ఎడ్ సలివన్ నడిపిన టెలివిజను కార్యక్రమములో పాడిరి. ఇంచుమించు 7 కోట్ల 30 లక్షలమంది దానిని చూచిరి. గిటారు పట్టిన బాలురు అంతకు ముందు ఆ దేశమున లేకపోలేదు గాని, ఆ రాత్రి తరువాత ఎక్కడ చూచినను పదునైదు పదునారేండ్ల పిల్లలు నలుగురైదుగురు కూడి ఒక వాద్యబృందముగా ఏర్పడసాగిరి. అక్కడి ఇండ్లకు ఆనుకొని కారు నిలుపు కొట్టముండును. దానిని గరాజు అందురు. తండ్రి కారును వీధిలో నిలిపిన సాయంకాలము ఆ కొట్టమే పిల్లలకు సాధనశాల ఆయెను. అందుచేత వారి సంగీతమునకు గరాజు రాక్ అను పేరు కలిగెను. ఆ పేరు వారు పెట్టుకొన్నది కాదు. ఆ సందడి అణగిన తరువాత 1970 దశకములో స్థిరపడినది. లెన్నీ కే అను నతడు 1972లో అట్టి బృందముల పాటలు 27 ఏరి, నగ్గెట్స్ అను పేర రెండు గ్రామఫోను పలకలుగా వెలువరించినప్పుడే మరచిపోయిన ఆ పిల్లలను లోకము మరల జ్ఞాపకము చేసికొనెను.

వారి సామగ్రి గొప్పదేమియు కాదు. సియర్స్ అను వర్తకసంస్థ తపాలాలో పంపు సిల్వర్‌టోన్ గిటారులలో ఒక రకమునకు, శబ్దమును పెద్దది చేయు యంత్రము గిటారు పెట్టెలోనే అమర్చబడియుండెను. మూడు స్వరమేళములు నేర్చుకొనిన చాలును, ఒక పాట నడచును. గురువు లేడు. తప్పు వాయించినవానిని ప్రక్కవాడే దిద్దవలెను. బడి నాట్యశాలలోను, ఊరి సభాభవనములోను, అనేక పర్యాయములు దేవాలయపు క్రింది గదిలోను వారు వాయించిరి. వారిలో ఎక్కువమంది పాట ఆ జిల్లా దాటి వినబడలేదు.

కొందరి పాట దూరము పోయిన మాటయు నిజమే. మెక్సికో నుండి వచ్చి మిషిగన్ రాష్ట్రపు పొలములలో పని చేసిన వలస కూలీల కుటుంబముల పిల్లలు కొందరు, ప్రశ్నార్థక చిహ్నమునే పేరుగా పెట్టుకొనిన ఒక గాయకునితో కూడి, ఒక చిన్న స్థానిక సంస్థ ద్వారా ఒక పాట వెలువరించిరి. 1966 అక్టోబరు నెలాఖరున అది ఆ దేశపు పాటల పట్టికలో మొదటి స్థానమునకు వచ్చెను. ఇతరుల చేలలో కూలికి వంగిన వారి బిడ్డల స్వరమును దేశమంతయు వినెను. దీనిని విని మనము సంతోషింతుము. అయితే మన ప్రశ్న వీరిని గూర్చినది కాదు. గెలిచినవాని ఆటను వ్యర్థమని ఎవరును అనరు. ఎవరును వినని మిగిలినవారి సంగతి యేమి?

వాషింగ్టన్ రాష్ట్రములోని టకోమా పట్టణమున సోనిక్స్ అను బృందముండెను. తమ ప్రాంతములో మంచి పేరు పొందిరి గాని, ఆ దశకము ముగియక మునుపే విడిపోయిరి. ఒకడు విమానము నడుపువాడాయెను. ఒకడు తారు రోడ్లు వేయు పనికి పోయెను. ఒకడు భీమా వ్యాపారములో ప్రవేశించెను. నలువది యేండ్లు గడచిన పిమ్మట, 2007లో, వారు మరల న్యూయార్కులో వేదిక ఎక్కి వాయించిరి. ఆ నడుమ గడచిన యేండ్లలో వారు తమ కుటుంబములను పోషించిరి, తమ పని తాము చేసికొనిరి. యౌవనపు వాద్యము వారిని సోమరులను చేయలేదు. పిల్లవాడు గిటారు పట్టెను గనుక చెడిపోయెనని మొదటి దినముననే తీర్పు చెప్పువారికి ఇది తగిన జవాబు.

కాని ఇంతకంటె కఠినమైన సంగతి యొకటి కలదు. ఆ దేశములో 18 ఏండ్లు నిండిన ప్రతి మగపిల్లవాడు సైన్యపు పట్టికలో పేరు వ్రాయించుకొనవలసి యుండెను. 1965 నుండి వియత్నాం యుద్ధమునకు పిలువబడువారి సంఖ్య మిక్కిలి పెరిగెను. ఒకనికి కళాశాల, ఒకనికి వివాహము, ఒకనికి సైన్యపు పిలుపు. ఈలాగున ఆ కొట్టములు ఒక్కొక్కటిగా ఖాళీ ఆయెను. పోయినవారిలో తిరిగి రానివారును కలరు.

చదువరులారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచించుడి. పందొమ్మిదేండ్లకే చనిపోయిన ఆ పిల్లవానికి, కొట్టములో వాయించిన ఆ సాయంకాలములు దేనికి సిద్ధపాటు? వానికి తరువాతి జీవితము లేదు. ఉద్యోగము లేదు, సంసారము లేదు, ముసలితనములో చెప్పుకొను జ్ఞాపకమును లేదు. యౌవనము యొక్క విలువ అంతయు దాని తరువాత వచ్చు ఫలములోనే యున్నదని మనము చెప్పిన యెడల, వాడు బ్రదికినదంతయు వ్యర్థమని చెప్పవలసివచ్చును. మేము మా పరిచర్యలో చిన్నవాండ్ర సమాధుల యొద్ద పలుమారు నిలిచితిమి. ఏ తల్లియు అక్కడ, నా బిడ్డ ఏమి సంపాదించెనని లెక్క చూచుకొనదు. వాడు ఎట్లు నవ్వెడివాడో, ఏ పాట కూనిరాగము తీసెడివాడో, ఎవరితో తిరిగెడివాడో చెప్పుకొని యేడ్చును. ఆ తల్లి లెక్కయే సరియైన లెక్కయని మేము నమ్ముచున్నాము. బాల్యమును యౌవనమును పెద్దతనమునకు మెట్లు మాత్రమే కావు. అవియును దేవుడిచ్చిన ఆయుష్షులోనివే. ఆ దినములందు కలిగిన మంచి సంతోషము ఆ దినమునకే చాలినది.

దావీదు సౌలు నెదుట సితారా వాయించుటకు ముందే దానిని నేర్చియుండెను. ఆ కాలమున అతడు గొఱ్ఱెలు కాచుకొనువాడు. మొదటి సమూయేలు 16వ అధ్యాయములో ఆ వృత్తాంతమును చదువుడి. సౌలు పిలువనంపకుండిన యెడల, ఆ పొలములో వాయించిన వాద్యము వ్యర్థమయ్యెడిదా? అట్లు చెప్పుటకు మనకు నోరు రాదు.

అయితే ఉల్లాసముగా నుండినదెల్ల మంచిదేయని మేము చెప్పుట లేదు. ఇందులో విడదీసి చూడవలసిన సంగతులు మూడు కలవు.

మొదటిది, వినువాని తీర్పు. పోర్ట్‌లండు పట్టణపు కింగ్స్‌మెన్ అను బృందము 1963 ఏప్రిలులో లూయీ లూయీ అను పాటను పలకమీద ముద్రించిరి. దానిని రిచర్డ్ బెర్రీ అను నల్లజాతి గాయకుడు 1955లో వ్రాసి, 1957లో తానే పాడెను. పరదేశమందున్న ఒక నావికుడు తన కొరకు కాచియున్న చినదానిని గూర్చి చెప్పుకొను మాటలే ఆ పాట. కింగ్స్‌మెన్ పాడినప్పుడు మాటలు స్పష్టముగా వినబడలేదు. వినబడని చోట వినువారు తమ ఊహను పెట్టుకొనిరి. ఇది బూతు పాటయని పుకారు లేచెను. తలిదండ్రులు ప్రభుత్వమునకు ఉత్తరములు వ్రాసిరి. 1964లో ఇండియానా రాష్ట్రపు గవర్నరు దానిని ప్రసారము చేయవద్దని రేడియోవారిని కోరెను. ఎఫ్.బి.ఐ. అను కేంద్ర పరిశోధన శాఖవారు ఆ పలకను వేగముగాను మెల్లగాను త్రిప్పి త్రిప్పి విని, తుదకు ఏ వేగమునను మాటలు తెలియుట లేదని వ్రాసికొనిరి. పాట వ్రాసినవాడు మాత్రము దాని హక్కులను అంతకు ముందే 750 డాలర్లకు అమ్ముకొనియుండెను. 1980 దశకములో గాని అతనికి న్యాయమైన పాలు తిరిగి రాలేదు. దేశమంతయు లేని పాపమును వెదకుచుండగా, ఉన్న అన్యాయమును చూచినవారు కొద్దిమంది. పిల్లల పాటలో మనకు తెలియని మాట వినబడినప్పుడు, అది చెడ్డదని నిశ్చయించుటకు ముందు, ఆ మాట యేమని వారినే అడుగుట పెద్దల ధర్మము.

రెండవది, ఆ సంతోషము ఎవరిది అను ప్రశ్న. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో ఫ్రీమాంట్ అను చిన్న ఊరు కలదు. అక్కడ ఆస్టిన్ విగ్గిన్ అను మిల్లు పనివాడుండెను. అతని తల్లి అతని చిన్నతనమున చెయ్యి చూచి, నీకు ఫలాని రంగు జుట్టుగల భార్య వచ్చును, నా మరణము తరువాత నీకు ఇద్దరు కుమారులు కలుగుదురు, నీ కుమార్తెలు పేరుగల వాద్యబృందమగుదురు అని చెప్పెనట. మొదటి రెండును జరిగెను గనుక మూడవదియు జరిగి తీరవలెనని అతడు పట్టుపట్టి, కుమార్తెలను బడి మాన్పించి, ఇంటి యొద్దనే చదివించుచు, దినమంతయు సాధన చేయించెను. వారి బృందమునకు షాగ్స్ అని పేరు. 1969లో తన సొమ్ము వెచ్చించి వారి పాటలు ముద్రింపించెను. శనివారపు రాత్రులు ఊరి సభాభవనములో వాయింపించెను. వినవచ్చినవారిలో పలువురు ఎగతాళి చేసిరి. 1975లో తండ్రి మరణించెను. కుమార్తెలు వెంటనే వాద్యములు క్రింద పెట్టిరి.

ఆ తండ్రి తన బిడ్డలను ద్వేషించెనని మేమనము. తన చేతిలోనిది ఖర్చు పెట్టెను, వారికి గొప్పతనము కోరెను. అయినను పిల్లల ఆటను తన ఆశకు బండిగా కట్టెను. వాద్యమొకటే, కొట్టమొకటే, పాటలొకటే. కాని తమంతట తాము కూడి వచ్చిన పిల్లలకు సంతోషమైనది, తండ్రి ఆజ్ఞ చొప్పున వాయించిన పిల్లలకు కాడి ఆయెను. 1980లో ఆ పలక మరల అచ్చై, వింతగా విని మెచ్చుకొనువారు బయలుదేరిరి. ఆ అక్కచెల్లెండ్రలో డాట్ అను నామె 2013లో తన యిష్టమున మరల ఒక పాటల సంపుటి వెలువరించెను. అనగా భారము పాటలో లేదు, బలవంతములోనే యుండెను. మన తలిదండ్రులు దీనిని తమకు అన్వయించుకొనవలెను. నా కొడుకు ఇంజనీరు కావలెను, నా కూతురు నర్సు కావలెను అని పుట్టకమునుపే నిర్ణయించువారు, చెయ్యి చూచి చెప్పిన మాటను నమ్మిన ఆ తండ్రికంటె ఎంత దూరమున నున్నారు?

మూడవది, జ్ఞాపకము యొక్క నిజము. జ్ఞాపకము అబద్ధమాడగలదు. సంఖ్యాకాండము 11వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తినిన చేపలను, కీరకాయలను, ఉల్లిపాయలను తలంచుకొని యేడ్చిరి. ఇటుకలను, కొరడాను తలంచుకొనలేదు. కొట్టములో వాయించిన పిల్లలు ఇప్పుడు డెబ్బది యేండ్లు దాటినవారు. వారును ఆ దినములలో అసూయ లేదని, జగడము లేదని, త్రాగుడు లేదని చెప్పుకొనిన యెడల అది ఉల్లిపాయల జ్ఞాపకమే యగును. ఎందరో బృందములు పాటలను బట్టి కాక పోట్లాటలను బట్టి విడిపోయినవి. కింగ్స్‌మెన్ పాటను పాడిన జాక్ ఎలీ అను గాయకుడే, ఆ పాట దేశమంతట ప్రసిద్ధి పొందకమునుపే, బృందపు పెత్తనము ఎవరిదను తగాదాలో బయటికి పోయెను. ఈ సంగతులను కూడ చేర్చుకొనినదే నిజమైన జ్ఞాపకము.

మరి నిజమైన జ్ఞాపకమును అబద్ధపు జ్ఞాపకము నుండి ఏలాగు గుర్తింపవలెను? మాకు తోచిన పరీక్ష ఒకటి చెప్పెదము. పాత దినములను తలంచుకొనిన తరువాత ఇంటిలోని పిల్లవాని వైపు చూడుడి. వాని మీద జాలియు ఓర్పును పుట్టిన యెడల, మీరు తలంచుకొనినది నిజము. మా కాలము వేరు, వీండ్రకేమి తెలియును అని ముఖము చిట్లించుకొనిన యెడల, మీరు తలంచుకొనినది మీ యౌవనము కాదు, మీ గర్వము. పాత దినములే మంచివేల యని అడుగుట జ్ఞానము కాదని ప్రసంగి 7వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది. తాను పదునారేండ్ల వయస్సున ఊరంతయు అదరగొట్టి, నేడు తన మనుమని డోలును అటకమీద పెట్టించువాడు ఏమియు జ్ఞాపకముంచుకొననివాడే.

ఇప్పుడు మన యూరి సంగతికి రావచ్చును. మన సంఘములలో యౌవనస్థులు గిటారును, కీబోర్డును, రిథమ్ ప్యాడును కొనుచున్నారు. చందాలు వేసికొని, ఎవరి పశువుల పాకలోనో, ధాన్యపు కొట్టులోనో కూడి సాధన చేయుచున్నారు. పెద్దలలో కొందరు, దేవుని మందిరమునకు హార్మోనియమును తబలాయు చాలునని అనుచున్నారు. ఆ పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. హార్మోనియము మన తాతల వాద్యము కాదు. 1842లో పారిసు నగరమున హక్కుపత్రము పొందిన వాద్యము. అది మన సంగీతమునకు తగదని ఆకాశవాణివారు 1940 నుండి 1971 వరకు దానిని రేడియోలో నిషేధించియుండిరి. నేడు అది లేనిదే ఆరాధన కాదనిపించుచున్నది. వాద్యములో పరిశుద్ధత లేదు, అపవిత్రతయు లేదు. పట్టుకొనిన చేతిని బట్టియు, కూడియుండు మనస్సును బట్టియు అది మంచిదో చెడ్డదో యగును.

కూడి వాయించుటలో నున్న మేలును పెద్దలు గమనింపవలెను. ఒంటరిగా పాడువాడు తన యిష్టము చొప్పున పరుగెత్తవచ్చును, నిలువవచ్చును. నలుగురితో వాయించువాడు ప్రక్కవానిని వినవలెను. తాళము తప్పినవాని కొరకు ఆగవలెను. తన వాద్యమును తగ్గించి ఇతరుని స్వరము వినబడనీయవలెను. ఈ పాఠమును మేము ప్రసంగ పీఠము నుండి ఎన్ని ఆదివారములు చెప్పినను, పాకలో ఒక సాయంకాలము నేర్పునంత నేర్పలేము. నేడు ప్రతి పిల్లవాని చేతిలోను ఫోను ఉన్నది. లోకములోని పాటలన్నియు వానికి ఊరకనే దొరకుచున్నవి. వినుట సులభమైన ఈ దినములలో నలుగురు కూడి తప్పో ఒప్పో తామే ఒక పాట చేసికొనుట మెచ్చుకొనదగినది.

యౌవనస్థులారా, మీతోను ఒక మాట. మీ సంతోషమునకు పొరుగువాడు వెల చెల్లింపకూడదు. రాత్రి పొద్దుపోయిన తరువాత పెద్ద స్పీకరు పెట్టకుడి. ప్రక్క యింటిలో తెల్లవారుజామున కూలికి లేవవలసినవారును, జ్వరముతో పడియున్నవారును ఉందురు. వాద్యము కొరకు వడ్డీకి అప్పు చేయకుడి. ప్రక్క ఊరివారికంటె పెద్ద స్పీకరు కొనవలెనను పంతమునకు పోకుడి. సాధన పేరుతో త్రాగుడు లోపలికి వచ్చిన దినమున, తలుపు చూపించుడి. పరీక్షలు వచ్చినప్పుడు వాద్యములకు గుడ్డ కప్పి చదువుకొనుడి. అవి ఎక్కడికిని పోవు.

మీలో ఎవరికిని పేరు రాకపోవచ్చును. మూడేండ్లకు ఒకడు హైదరాబాదునకు, ఒకడు గల్ఫునకు, ఒకతె అత్తవారింటికి పోవచ్చును. పాక మరల పశువులదే యగును. అప్పుడు ఎవరైన, ఇన్నాళ్లు మీరు చేసినది ఏమైనదని అడిగిన యెడల సిగ్గుపడకుడి. కలిసియున్న దినములలో కలిసియుంటిమి, ఒకరినొకరు వింటిమి అని చెప్పుడి. అది చాలును.

తలిదండ్రులారా, సంఘ పెద్దలారా, ఈ నెలలో ఒక సాయంకాలము మీ పిల్లలు సాధన చేయుచున్న చోటికి వెళ్లుడి. తీర్పు చెప్పుటకు కాదు, వినుటకు. ఒక పాట అయినను పూర్తిగా వినుడి. మాటలు తెలియని చోట అడుగుడి. వారికి మంచినీళ్లు ఇచ్చి రండి.